రెండు ఒడ్ల అత్త

దోర్నాల నుంచి వచ్చిన కట్టెల బండివాడు మా వసారా మెట్టు దగ్గర ఆగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "అత్త పోయింది ప్లీడరయ్యా" అన్నాడు.

ఏ అత్త అని నేను అడగలేదు. మార్కాపురం తాలూకాలో ఎవరి అత్తలు వాళ్లకు ఉన్నారు. ఊరిపేరూ ఇంటిపేరూ తగిలించకుండా ఉత్త అత్త అంటే మాత్రం ఒక్కతే.

"ఎట్ల పోయింది?"

"ఎట్ల పోయేదేంది, చెప్పి పోయింది. అవతలి ఒడ్డునున్న ఆవుల్ని ఏరు దాటించి వెనక్కి తోలొద్దు అన్నది. ఇంకా ఏందో చెప్పబోయి, వీళ్లకర్థం కాదులే అనుకొని ఊరుకుంది."

"మరి తోలరు గదా?"

"ఆమె మరిది కొడుకు కంభం సంతలో బేరగాళ్లతో మాట్లాడుతున్నాడంట. మందంతా అమ్మేస్తాడంట. అత్త లేనంక అడిగేదెవరు?"

అతను తలగుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు. నేను ఆ పూట కోర్టుకు వెళ్లలేదు. నేను వెళ్లని సంగతి కోర్టువారు గమనించారని చెప్పలేను. నా ప్లీడరీ అప్పట్లో చాలా నిలకడగా ఉండేది. అంటే పొద్దున కూర్చున్న కుర్చీలోనే సాయంత్రం దాకా ఉండేవాణ్ణి.

అత్త ఎత్తు మనిషి. పిల్లలు లేరు, భర్త చిన్నతనంలోనే పోయాడు, నల్లమల అంచున ఊరు, ఆ ఊళ్లో సగం పశువులు ఆమెవి. మగవాళ్ల కిర్రు చెప్పులు తొడుక్కుని నడిచేది. అందుచేత ఆమె వస్తున్న కబురు ఆమెకంటే ముందే వచ్చేది. ఏ ఆఫీసుకు పోయినా కూర్చునేది కాదు. ఎందుకత్తా అంటే, "కూర్చుంటే ఉండమంటారు. నిలబడితే పొమ్మంటారు. పొమ్మనేవాళ్ల దగ్గరే పని తొందరగా అవుతాది" అనేది. నేను ఆ పద్ధతిని ఒకసారి తాలూకా కచేరీలో ప్రయత్నించాను. పొమ్మన్నారు. పని మాత్రం కాలేదు. దానికి చెప్పులు కూడా కావాలనుకుంటాను.

ఇంకొకటి ఉంది. "నేను చూడనులే" అనే మాట మన పెద్దవాళ్లు కళ్లు ఒత్తుకుంటూ అంటారు. అత్త దాన్ని పండగ కబురులా చెప్పేది. ఊరి బాట పక్కన చింతమొక్కలు పెట్టించి, "ఇవి కాసేనాటికి నేనుండనులే, భలే ఉంటాది" అని చేతులు దులుపుకునేది. ఈ ఏటి కారుకు ఏమి విత్తాలి అని ఎవరైనా సలహా అడిగితే ఆవలించేది. నీ మనవడి మనవడికి నీళ్లెక్కడ అని మొదలుపెడితే మాత్రం పొగాకు నోట్లోంచి తీసి పక్కన పెట్టేది. అది పెద్ద మర్యాద.

నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు చంకలో ఒక పలక ఉంది. బళ్లో పిల్లల పలక కాదు. మా ఊరి గని నుంచి తీసినది తీసినట్టే, చట్రం లేని, చేటంత పలక. దాన్ని నా బల్ల మీద, నా ఏకైక దావా కాగితాల మీద, పెట్టింది.

"అల్లుడా, ఇంగిలీసు వచ్చునా?"

"పట్టా ఇచ్చినారు గదత్తా."

"ఇచ్చినారు సరే. వచ్చునా?"

వచ్చునని ఒప్పుకున్నాను. పలక మీద సుద్దతో ఒక వంకర గీత గీసి ఉంది. ఆమె వేలు పెట్టి చూపించింది.

"ఇది కృష్ణ. ఇవతల మనం, ఇంగిలీసోళ్ల రాజ్యం. అవతల నిజామోళ్లు. ఇవి దుప్పులు."

దుప్పులు అన్నచోట పలక నల్లగా ఉంది.

"ఇక్కడేమీ లేదు గదత్తా?"

"అదే గదా యవ్వారం."

యవ్వారం ఏమిటంటే ఇది. ఎండాకాలంలో మా ఒడ్డు కాపర్లు అడవిలో ఎండుగడ్డికి నిప్పు పెడతారు, తొలకరి పడగానే పశువులకు లేతగడ్డి వస్తుందని. ఆ నిప్పుకు దుప్పులూ కణుతి జింకలూ ఏటికి దిగి అవతలికి ఈదుతాయి. అవతలి ఒడ్డువాళ్లు తుపాకులతో సిద్ధంగా ఉంటారు. కొన్నాళ్లకు అవతలివాళ్లు తమ గడ్డికి నిప్పు పెడతారు. మిగిలినవి ఇవతలికి ఈదుతాయి. ఈసారి మావాళ్లు సిద్ధం. రెండు రాజ్యాల ప్రజలు ఒకరినొకరు ఇంత సమయానికి ఆదుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. దుప్పులు కరువైపోయాయి. పెద్దపులి మాత్రం శాకాహారానికి మారలేదు. ఆ ఏడు అత్త మందలో పాడి ఆవుల మీద పడి, అడ్డం పోయిన కాపరిని కూడా గీరి వదిలింది.

"పులిని కాల్పిద్దామా?" అన్నాను, నేనూ ఏదో ఒకటి అనాలి గనుక.

"ఒకటి పోతే ఇంకొకటి వస్తాది. ఆకలి అదే గదా. దాని తిండి దానికుంటే నా దొడ్డివైపు ఎందుకు చూస్తాది? రెండు ఒడ్లా ఏటి పొడుగునా గడ్డి కాల్చగూడదు. మడుగు దగ్గర వేటాడగూడదు. ఒక ఏడు కాదు, ఎప్పటికీ. రాయి."

రాశాను. నా జీవితంలో అంత మంచి ఇంగ్లీషు మళ్లీ రాయలేదు. మా ప్రభుత్వం వారు, సంగతి విచారకరమే గాని అవతలి ఒడ్డు మా పరిధిలోది కాదు అని జవాబిచ్చారు. అవతలి ప్రభుత్వం వారు ఉర్దూలో, సంగతి విచారకరమే గాని ఇవతలి ఒడ్డు మా పరిధిలోది కాదు అని జవాబిచ్చారు. రెండు ప్రభుత్వాలకు ఏకాభిప్రాయం కుదిరిన సందర్భాల్లో ఇది ఒకటి.

చదివి వినిపిస్తే అత్త నిలబడే విన్నది. "తోడికోడళ్లు. ఆమె పొయ్యి వెలిగిస్తే ఈమె వండుతాదంట. ఈమె బియ్యం పోస్తే ఆమె వెలిగిస్తాదంట" అని పలక చంకన పెట్టుకుని పోయింది.

ఆమె మొదట వేసిన ఎత్తు పారలేదు. అది కూడా చెప్పాలి. మా వైపు పశువుల్ని పాలికివ్వడం అని ఒక పద్ధతి ఉంది. ఆవు ఒకరిది. మేపేది ఇంకొకరు. పుట్టిన దూడల్ని ఇద్దరూ పంచుకుంటారు. అత్త తన పెయ్యల్ని కొన్నింటిని ఏరు దాటించి అవతలి ఊరివాళ్లకు పాలికిచ్చింది. తమ దొడ్లో పెయ్యలుంటే పులి భయంతో అయినా దుప్పుల్ని బతకనిస్తారని ఆమె లెక్క. వాళ్లు సంతోషంగా తీసుకున్నారు. సంతోషంగానే గడ్డికి నిప్పు కూడా పెట్టారు. పులి పెయ్యను తింటే పోయేది అత్తది గదా.

ఆ వేసవిలో ఆమె నన్ను వెంటబెట్టుకుని రేవుకు పోయింది. నన్ను ఎందుకంటే, నల్లకోటు కనబడితే జనం మాట తగ్గిస్తారట. ఏరు చిక్కి మడుగులు మడుగులుగా ఉంది. నడుమ బండ మీద అవతలి ఊరి పటేలు కూర్చున్నాడు. పెద్ద మీసాలు, చిన్న నవ్వు.

"ఏంది చెల్లే, పెయ్యలు వాపసు కావాల్నా?"

"కాదన్నా. మీవి కూడా నాకు పాలికియ్యి."

"మాయెందుకు నీకు? నీకేం తక్కువుంది?"

"మా ఒడ్డు పులి మీ ఆవును తినాల."

పటేలు మీసం మీది చెయ్యి అక్కడే ఆగింది. "ఏమన్నవ్?"

"తింటే నువ్వొచ్చి నన్ను అడగాల. ఏమే చెల్లే, నా ఆవును పులి ఎందుకు తిన్నాది, మీ అడవిలో దుప్పులేమైనాయి, గడ్డి ఎవరు కాల్చినారు అని నిలదీయాల. మీ పులి నా ఆవును తింటే నేనొచ్చి నిన్ను నిలదీస్తా. మా సర్కారు మీకు జవాబు చెప్పదు, మీ సర్కారు మాకు చెప్పదు. మనమన్నా చెప్పుకుందాము."

"నీ ఆవు నా తాన, నా ఆవు నీ తాన."

"ఊ."

"గంతే? కాయితం లేదా?"

"ఈయన కోటుంది గదా" అన్నది అత్త నన్ను చూపించి.

పటేలు నవ్వు కొంచెం పెద్దదయింది. "మీ అత్త అన్నం పెట్టేటందుకు పిలిచిందనుకున్న ప్లీడర్ సాబ్. కాపలాకు పెడుతున్నది."

ఆ వర్షాకాలం లోపలే చిన్నాపెద్దా రైతులు కూడా కలిసి, రెండు ఊళ్ల పశువుల్లో చెప్పుకోదగ్గ భాగాన్ని ఏరు దాటించారు. పశువులు దాటితే నిజాం వారికి సుంకం కట్టాలి. సుంకం వసూలుచేసే చౌకీ బాట మీద ఉంది. మా ఆవులకు బాట మీద నడిచే అలవాటు లేదు.

ఆ తర్వాత జరిగింది చూడవలసిందే. అత్తకు అడవిశాఖ ఒకటి ఏర్పడింది, జీతాల్లేకుండా. ప్రతి వారం అవతలినుంచి పుట్టిలో, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవలో, ఎవరో ఒకరు దిగేవారు. "మా బొల్లి ఎట్లుంది?" అని అడిగేవారు, కళ్లతో మాత్రం గడ్డి చూసేవారు. ఇవతలినుంచి మావాళ్లు పోయేవారు. "మా ఎర్రావు కొంచెం చిక్కినట్టుందే బావా?" "చిక్కలే, నీ కండ్లు చిక్కినయ్. రా, తిను." "తింటా గాని, ఆ గుట్ట నల్లగుందేంది? ఎవరు కాల్చినారు?" గుట్ట కాల్చినవాడు ఆ పూట భోజనానికి వచ్చేవాడు కాదు. వేట మానుకున్నది మాత్రం ఎవరూ ధర్మం కోసం కాదు. మడుగు దగ్గర తుపాకీ పేలితే ఆవులిచ్చిన అవతలి వియ్యంకుడు వినేవాడు, విని వచ్చేవాడు, వచ్చి భోజనం చేసేదాకా కదిలేవాడు కాదు. తిండిఖర్చు లెక్క వేస్తే దుప్పి మాంసం గిట్టుబాటు కాలేదు.

అసలు పరీక్ష ఇంకో ఎండాకాలం వచ్చింది. అవతలి రాజ్యంలో ఎవరో జాగీర్దారు బంధుమిత్రులతో వేటకు వచ్చి మడుగు ఒడ్డున డేరాలు వేశాడు. పాత పద్ధతే. మా ఒడ్డు గడ్డికి నిప్పు పెట్టించడం, దుప్పులు ఏటికి దిగగానే అవతలినుంచి కాల్చడం. అప్పటికి దుప్పులు తిరిగి కుదురుకుంటున్నాయి. తల్లుల వెంట పిల్లలున్నాయి. ఒక్క పూట తుపాకులు ఆడితే అత్త ఇన్నేళ్లూ కట్టినదంతా ఏట్లో కలుస్తుంది.

కబురు అందగానే అత్త బండి కట్టించింది. "కోటు తొడుక్కో" అన్నది నాతో. రోహిణికార్తె ఎండలో నల్లకోటు తొడుక్కుని నల్లమలలో నడిచినవాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు. ఉంటే వాళ్లు చెప్పడానికి మిగిలి ఉండరు.

పొద్దు ఎక్కే వేళకు మేము పుట్టిలో డేరాల దగ్గర దిగాం. జాగీర్దారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒళ్లో తుపాకీ. ఆయన మునిషీ తెలుగు వచ్చినవాడు, ఎదురు వచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడ షికారు జరుగుతుంది."

"జరగనియ్యి నాయనా. నేను మా ఆవుల్ని చూసుకుందామని వచ్చినాను."

"ఏం ఆవులు?"

అప్పుడు వినబడ్డాయి మెడగంటలు. పటేలూ, ఆ ఊరి కాపర్లూ కలిసి మంద మందంతా మడుగులోకి తోలారు. ఆవులు తాగాయి. తాగినవి పోలేదు. మోకాళ్ల లోతుకు దిగి, తోకలు ఆడిస్తూ, కోర్టులో గుమాస్తాల్లాగా ఏ తొందరా లేకుండా నిలబడ్డాయి.

"తొలగించమను!" అన్నాడు మునిషీ.

"ఎండ గదా, పాపం. అడ్డమొస్తే కాల్చుకోండి" అన్నది అత్త. "ఈయన ప్లీడరు. పేర్లు రాసుకుంటాడు."

"ఎవరి పేర్లు?"

"ఆవుల పేర్లు."

నేను పెన్సిలు తీశాను. బొల్లి, ఎర్రావు, గంగ, మల్లెమొగ్గ అని అత్త చెబుతుంటే రాయసాగాను. ఇవన్నీ బ్రిటిషు ప్రజల సొత్తు అని, వీటికి హాని జరిగితే కర్నూలు కలెక్టరు ద్వారా మద్రాసుకూ, మద్రాసు నుంచి హైదరాబాదు రెసిడెంటు గారికీ రాయవలసి వస్తుందని వినయంగా మనవి చేశాను. ఎవరూ దేనికీ జవాబివ్వరని నాకు తెలుసు. మునిషీకి తెలియదు.

ఈలోగా గడ్డి కాల్చడానికి మా ఒడ్డుకు పోయిన మనుషులు తిరిగి వచ్చారు, కాగడాలు వెలిగించకుండానే. వాళ్ల పెద్ద మునిషీ చెవిలో చెప్పాడు. మునిషీ వెళ్లి జాగీర్దారుకు చెప్పాడు. ఆయన ఏదో అడిగాడు. మునిషీ వంగి జవాబు చెప్పాడు.

"ఆ ఒడ్డు గడ్డిలో నిండా పశువులున్నాయి హుజూర్."

"ఎవరివి?"

"మన రయితులవి హుజూర్."

"మరి ఇవి?"

"ఇవి ఆ ఒడ్డువాళ్లవి."

జాగీర్దారు మడుగు వైపు చూశాడు, అవతలి గుట్ట వైపు చూశాడు, చివరికి అత్త వైపు చూశాడు. మర్యాదస్తుడు. తుపాకీ నౌకరుకు ఇచ్చి, "ఈ ఏర్పాటు ఎవరు చేశారు?" అని అడిగించాడు.

"ఏర్పాటేముంది బాబూ, పశువులు" అన్నది అత్త.

మాకు సేమ్యా పాయసం ఇచ్చారు. అత్త నిలబడే తాగింది. మధ్యాహ్నానికి డేరాలు లేచాయి. మేము పుట్టిలో తిరిగి వచ్చాం. ఒడ్డు దిగాక, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ, తనలో తాను నవ్వుకుంది. యుద్ధం గెలిచిన సేనాపతులు ఎలా ఉంటారో నేను చూడలేదు గాని, పొగాకు నమిలేవాళ్లయితే అలాగే ఉంటారు.

తర్వాతి ఏళ్లలో దుప్పులు పెరిగాయి. పులి మా దొడ్లవైపు రావడం మానేసిందని చెప్పను. ఒప్పందంలో దాని వేలిముద్ర లేదు. తగ్గించింది. ఒక అడవిశాఖ దొర వచ్చి, రెండు ఒడ్లా గడ్డి నిలిచి ఉండటం చూసి, ఇది తమ శాఖ కృషి అని సంతోషించి వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. అత్త కొట్టిపారేసింది. "పొయ్యి దగ్గర ఎవరు చెమటలు కారిస్తే ఏంది అల్లుడా? వడ్డించినోళ్లే వండినామని చెప్పుకోనీ. తినేది దుప్పులు గదా."

తన పెద్దదినం భోజనాలు ఊళ్లో కాకుండా రేవు దగ్గర పెట్టమని ఆమె ముందే చెప్పి ఉంచిందట. నేను వెళ్లేసరికి ఒడ్డున వంటలు జరుగుతున్నాయి. అవతలినుంచి జనం పుట్టిల్లో వచ్చారు. పటేలు మీసాలు తెల్లబడ్డాయి. ఆయన వెనకే మంద ఈదుకుంటూ వచ్చింది. మరిది కొడుకు తోలుకురమ్మని కబురు పెట్టాడు. కంభం బేరగాళ్లిద్దరు చెట్టునీడలో కూర్చుని ఉన్నారు.

"మా పెద్దమ్మ ఆవులు మాకిచ్చెయ్యి మామా. మీవి మీరు తీసుకపోండి. తెగిపోతాది" అన్నాడు మరిది కొడుకు. మంచివాడే. తొందర ఎక్కువ.

"తీసుకో బిడ్డా. ఏరుకో."

అతను ఒక బొల్లి ఆవు మెడ మీద చెయ్యి వేశాడు. "ఇది మాదే."

"దీని తల్లి మీది. తల్లి తల్లి మాది. మీ పెద్దమ్మకు పాలికిస్తే పుట్టింది. మా వంతు ఇంకా మాకు రాలే."

"అయితే దీని దూడ?"

"అది పుట్టింది మా ఒడ్డున. మేపింది మేము. గాని ఆబోతు మీది."

"మరి ఆ ఎర్రది?"

పటేలు కాపరిని పిలిచాడు. కాపరి ఇంకో కాపరిని పిలిచాడు. ఎర్రదాని వంశం చెప్పడం మొదలుపెట్టారు. వంటలు పూర్తయ్యాయి, ఎర్రది తేలలేదు. ఇన్నేళ్లలో రెండు ఒడ్ల పశువుల్లో ఒక్క తోక కూడా ఒక్క రాజ్యానికి చెందినది మిగలలేదు. అత్త ఒక్క పంపకమూ పూర్తిగా తెగనివ్వలేదు. ఆవు ఈనిన ప్రతిసారీ ఒక పెయ్యను మళ్లీ ఏరు దాటించింది.

మరిది కొడుకు చెమట తుడుచుకుని నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్. చట్టం ఏమంటాది?"

"దావా ఏ కోర్టులో వెయ్యాలో ముందు తేలాలి. అది తేల్చడానికి రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోవాలి" అన్నాను.

బేరగాళ్లు పంచెలు దులుపుకుని లేచారు. మరిది కొడుకు బండ మీద కూర్చున్నాడు.

"మరెట్ల చేద్దాము మామా?"

"తెలిసేదాంక మేపుదాం."

"ఎవరు?"

"ఎవరి తాన ఉన్నయ్ వాళ్లే."

"నా దగ్గర మీదొకటి పులి పట్టిందనుకో?"

"వచ్చి అడుగుతా. ఇడుస్తనా?"

"మీ దగ్గర నాది పడితే?"

"నువ్వొచ్చి అడుగు."

అతను ఏటి వైపు చూశాడు. అవతలి ఇసుక మీద దుప్పుల గుంపు నీళ్లకు దిగి, ఇంత జనాన్ని చూసి కూడా పోకుండా తాగుతోంది. తర్వాత లేచి, బేరగాళ్లకు చూపిద్దామని తన సొంత దొడ్డి నుంచి తెచ్చిన ఒక తెల్ల పెయ్య పలుపు విప్పి, పటేలు చేతిలో పెట్టాడు.

"ఇది మాత్రం నాది. అందరూ చూసినారు గదా. ఇది కూడా పాలికి తీసుకపో."

"చూసుకోనీకె ఎప్పుడొస్తవ్?"

"ఎండలు ముదిరినాక. గడ్డి ఎండే కాలానికి" అన్నాడు.

పటేలు పలుపు చేతికి చుట్టుకున్నాడు. విస్తళ్లు వేశారు. ప్లీడరుకు పని పడకుండా పోయిన రోజును నేను మామూలుగా ఓడిపోయిన రోజు కింద జమకట్టుకుంటాను. ఆ రోజు మాత్రం కోటు విప్పి పక్కన పెట్టి, రెండోసారి వడ్డించమన్నాను.